వేడెక్కని పలకలు

తెర్వలహ్తి చిన్న ఊరే. సముద్రపు పాయ ఒకటి బండరాళ్ళ మధ్యకు చొచ్చుకొచ్చి ఆగిన చోట ఎర్రరంగు వేసిన చెక్క ఇళ్ళు కొన్ని, వాటి వెనక అడవి. అంతే. కానీ చిన్న ఊరని ఎవరైనా తేలిగ్గా మాట్లాడితే మాత్రం ఊరుకునేది లేదు. మా తాతలు కట్టిన పడవలు మనవల కాలంలో కూడా చుక్క నీరు లోపలికి రానివ్వకుండా తిరుగుతున్నాయి. మా బడికి గది ఒక్కటే, పంతులమ్మ ఒక్కతే. అయినా ఆ గదిలోంచి ఇద్దరు ఓడ కెప్టెన్లు, ఒక చర్చి ఆర్గన్ వాద్యకారుడు, హెల్సింకీలో పళ్ళ డాక్టరమ్మ వచ్చారు. ఆ వరసలో అందరికన్నా ముందు చెప్పవలసిన పేరు హిల్యా సార్నిలెహ్తో అని ఊరివాళ్ళ మాట. ఆమెను అడిగితే ఒప్పుకోదు. ఒప్పుకోకపోవడం కూడా మా ఊరి లక్షణమే.

హిల్యా చదివింది ఆ ఒక్క గది బళ్ళోనే. జిల్లా ఆడవాళ్ళ స్కీ పందెంలో మొదట వచ్చి వెండి కాఫీకూజా గెలుచుకుంది. అది ఇప్పటికీ ఊరి సంఘం గదిలో గాజు బీరువాలో ఉంది. "ఇంట్లో పెట్టుకోవమ్మా" అంటే "రోజూ తోమేది ఎవరు?" అంది. ఒక మార్చి నెలలో పలచబడిన మంచు విరిగి తపాలా మనిషి సముద్రంలో పడిపోతే, పొట్ట మీద పాకుతూ వెళ్ళి తెడ్డు అందించి లాగింది ఈవిడే. పేపరు వాళ్ళు వచ్చి ఎలా చేశారని అడిగితే "ఉత్తరాలు తడిసిపోయాయి" అని మాత్రం చెప్పి లోపలికి వెళ్ళిపోయింది. భర్త పోయాక కట్టెలు తనే కొట్టుకుంది, వలలు తనే వేసుకుంది.

ఇవన్నీ ఒక ఎత్తు. తీరాన అణు విద్యుత్ ప్లాంటు వచ్చాక ఆమె చేసిన పని ఒక ఎత్తు.

మొదట్లో రియాక్టరును కప్పి ఉంచే ఆ గుమ్మటంలోకి నేల తుడవడానికి వెళ్ళింది. మా ఊరి ఆడవాళ్ళలో దాంట్లో కాలు పెట్టిన మొదటి మనిషి. చేతిలో ఓపిక, కంట్లో శ్రద్ధ చూసి తరవాత పరీక్షల గదికి మార్చారు. ఆఖరికి పెట్టెలు అప్పజెప్పారు. ఆ పెట్టెల సంగతి ఇక్కడి వాళ్ళకు చెప్పనక్కర్లేదు గాని, మనవలు కూడా చదువుతారు కనక చెప్పాలి. రియాక్టరు లోపల ఎప్పుడైనా నీళ్ళు అందక ఇంధనపు కడ్డీలు ఎర్రగా కాలితే, కడ్డీల పైనున్న లోహం ఆవిరిని విరగ్గొట్టి హైడ్రోజన్ను బయటికి వదులుతుంది. అది కంటికి కనపడదు, ముక్కుకు తెలియదు. గుమ్మటంలోకి చేరి గాలితో కలిసి కూర్చుంటుంది. చిన్న నిప్పురవ్వ దొరికితే చాలు, గుమ్మటాన్నే చీల్చగలదు. అలా కూర్చోకుండా చేసేవే ఆ పెట్టెలు. మనిషి ఎత్తున్న ఇనప పెట్టెలు, కిందా పైనా తెరిచి ఉంటాయి. అడుగున సొరుగులో పల్చటి పలకలు నిలబెట్టి ఉంటాయి. వాటి మీద ప్లాటినం పూత. హైడ్రోజన్ ఆ పూతను తాకగానే మంట లేకుండానే గాలిలోని ఆక్సిజన్‌తో కలిసి నీటావిరి అయిపోతుంది. అలా కలిసేటప్పుడు పలక వేడెక్కుతుంది, వేడి గాలి పొయ్యి గొట్టంలో పొగలా పైకి లేస్తుంది, కిందనుంచి మళ్ళీ కొత్త గాలి లోపలికి వస్తుంది. కరెంటు అక్కర్లేదు. మీట నొక్కే మనిషి అక్కర్లేదు. పలకలు శుభ్రంగా ఉంటే చాలు.

ఆ శుభ్రం చూడటమే హిల్యా పని. ఏటా ప్లాంటును ఆపి బాగుచేసే వారాల్లో ఆమె వంతులవారీగా కొన్ని పెట్టెల సొరుగులు లాగి, పలకలు తీసి, గాజు గొట్టంలో నిలబెట్టి, రవ్వంత హైడ్రోజన్ కలిపిన గాలి వదిలి, పలక తనంతట తాను వేడెక్కుతుందా లేదా అని వేడిని చూపే ముల్లు వంక చూస్తూ కూర్చునేది. వేడెక్కితే తిరిగి దాని చోట పెట్టేది. ఆమె చేతిలో ఒక్క పలక మీద కూడా గీత పడలేదు.

జపాన్‌లో సముద్రం ఊళ్ళ మీదికొచ్చిన ఏడు, అక్కడి ప్లాంటు పైకప్పులు ఎగిరిపోవడం కాఫీ గదిలో టీవీలో చూశారు అందరూ. రైమో అని, ఊరందరినీ నవ్వించే పంపుల మనిషి ఒకడున్నాడు, వాడు కూడా నోరు మెదపలేదు. కాసేపటికి హిల్యా లేచి పరీక్షల గదికి వెళ్ళి, అంతకు ముందు వారమే చూసిన విడి పలకల్ని మళ్ళీ చూసింది.

ఆమె ఎక్కువగా ఆలోచించేది ఒక్క సంగతి. జీవితమంతా ఒక పనిముట్టును కాపాడుతున్నాను, అది ఏనాడూ పని చెయ్యకూడదని కోరుకుంటూ. పడవ కట్టినవాడు పడవ తేలడం చూస్తాడు, రొట్టె చేసినవాడు తినడం చూస్తాడు. తను చూసేది గాజు గొట్టంలో ముల్లు కదలడం మాత్రమే. ఈ ఆలోచన ఆమెకు బాధగా ఉండేది కాదు. అప్పుడప్పుడూ వింతగా ఉండేది.

హిల్యా చెల్లెలు సైమి. పక్కింట్లోనే కాపురం. సైమి మొగుడు తౌనో. వాడి సంగతి కూడా చెప్పుకోవాలి. తలుపు ఏదైనా వాడి చేతికి లొంగని తలుపు లేదు. ప్లాంటులో కాంట్రాక్టు పని వాడిది, గుమ్మటానికుండే బరువైన తలుపులు, వాటి రబ్బరు అంచులు వాడి బాధ్యత. ఇంకొక్క ఏడాది నెట్టుకొస్తే పింఛను. చలి మొదలవగానే ఊళ్ళో కార్లన్నిటి తలుపుల రబ్బరుకూ సిలికోన్ స్ప్రే రాసేది కూడా వాడే. రాయకపోతే మంచుకు రబ్బరు అతుక్కుపోయి, పొద్దున తలుపు లాగితే చీలిక వచ్చేస్తుంది. ఎవరూ అడగకుండానే రాస్తాడు, డబ్బులిస్తే కోప్పడతాడు. హిల్యా కారుకి అందరికన్నా ముందు.

ఆ ఏడు బాగుచేసే పనులు ఆలస్యమై అక్టోబరు దాకా సాగాయి. నేల మీద మొదటి నూగుమంచు కనపడింది. ఒక రోజు కాఫీ గదిలో హిల్యా రొట్టె మీద వెన్న రాసుకుంటూ మణికట్టు పట్టుకుంది.

"ఏమైంది వదినా? నా మరదలు గాని కొరికిందా?" అన్నాడు రైమో. రైమో భార్య చెల్లెలి నోటి దురుసు ఊరందరికీ తెలుసు.

"పెట్టెల సొరుగులు బిగుసుకుపోయాయి. లాగలేక చస్తున్నాను."

"వయసైపోతోందని ఒప్పుకోరాదూ?"

"ముందు నీ పొట్ట పంపుల మధ్యలోంచి దూరనీ. తరవాత నా వయసు సంగతి చూద్దాం."

అందరూ నవ్వారు. తౌనో కూడా నవ్వాడు.

తరవాతి వారం సొరుగులు వెన్నలా జారాయి. హిల్యాకు సంతోషం వేసింది. ఎవరో సరిచేశారు, మంచిదే అనుకుంది. ఆ ఏడాది వంతు పెట్టెల పలకలు తెచ్చి పరీక్షకు కూర్చుంది. మొదటి వాటి ముల్లు చక్కగా లేచింది. తరవాత తలుపు పక్కనుండే రెండు పెట్టెల పలకలు పెట్టింది. ముల్లు కదల్లేదు. గొట్టం విప్పి, మళ్ళీ బిగించి, ఇంకోసారి చూసింది. కదల్లేదు.

ఇంజనీరు ఓస్మోను పిలిచింది. ఓస్మో కుర్రవాడే గాని తొందరపడే రకం కాదు. పలకను వెలుతురుకు పట్టి చూశాడు.

"గోడలకి రంగులు వేశారుగా మొన్న. ఆ వాసనలు పట్టి ఉంటాయి. పొయ్యిలో పెట్టి వేడి చేస్తే వదిలిపోతాయి. మీకు తెలిసిందే కదా."

"నేనూ అదే అనుకుంటున్నా. పెడతాను."

పొయ్యిలో పెట్టారు. చల్లారాక మళ్ళీ చూశారు. ముల్లు లేవలేదు. ఓస్మో ముఖం మారింది.

"రంగు వాసన కాదు. వేడికి పోనిది ఏదో పూతను కప్పేసింది. నాకు తెలిసి అలా చేసేది సిలికోన్ ఒక్కటే. లోపలికి తీసుకెళ్ళకూడదని గేటు దగ్గరే రాసి ఉంది. ఎవరు తీసుకెళ్తారు?"

సొరుగు జారిన తీరు అప్పటికే హిల్యా చేతికి గుర్తొచ్చింది.

నిజానికి అంత పెద్ద విషయం కాదని అనిపించొచ్చు. పాడైన రెండు పెట్టెల్లో పలకలు మార్చడానికి కొత్తవి గిడ్డంగిలో ఉన్నాయి. మార్చేసి ప్లాంటు మొదలెట్టొచ్చు. కానీ ఆమెకు తెలుసు, సొరుగు పట్టాలకు రాసినవాడు ఒక్క తలుపు పక్కనే రాసి ఆగి ఉండడు. గుమ్మటం పైభాగాన, నిచ్చెనకు అందని చోట ఇంకా పెట్టెలున్నాయి. ఆ ఏడు వాటి పరీక్ష వంతు కాదు. రంగుల పని కోసం కట్టిన పరంజా మీద ఎవరెవరో ఎక్కారు, దిగారు. ఇప్పుడు పరంజా విప్పేసి లారీకి ఎక్కిస్తున్నారు. పైవాటికి తగిలిందో లేదో చెప్పగలిగింది రాసినవాడొక్కడే. హైడ్రోజన్ ఎక్కువగా చేరేది పైనే.

ఆ సాయంత్రం వెలుతురు ఉండగానే పడవల పాకకు వెళ్ళింది. తౌనో పడవ బోర్లించి అడుగుకు తారు పూస్తున్నాడు.

"వదినా, కాఫీకి వచ్చావా, తిట్టడానికొచ్చావా? మొహం చూస్తే రెండోదే."

"సొరుగులు బాగా జారుతున్నాయి."

"జారవూ మరి." తౌనో కుంచె ఎత్తి నవ్వాడు. "చెయ్యి నొప్పని అందరి ముందూ మూలిగావుగా. నేనుండగా నువ్వు మూలగడమేంటి?"

"ఏం రాశావు?"

"ఏం రాస్తాను? నీ కారుకి రాసేదే. ఇంట్లో గుడ్డకి పట్టించి జేబులో పెట్టుకెళ్ళా. గేటు దగ్గర డబ్బా అయితే ఆపుతారు గాని, గుడ్డను ఎవరడుగుతారు?"

హిల్యా అక్కడున్న చేపల బుట్ట మీద కూర్చుంది. పలకల సంగతి చెప్పింది. తౌనో కుంచెను తారు డబ్బాలో పెట్టి మళ్ళీ తియ్యలేదు.

"రాసింది పట్టాలకి గదా. పలకల్ని ముట్టుకోలేదు నేను."

"ముట్టుకోనక్కర్లేదు. గాల్లోకి లేచి వెళ్ళి పూతకి అంటుకుంటుంది. పైన పెట్టెలకి కూడా రాశావా?"

"గుర్తులేదు."

"తౌనో, మా పెళ్ళి రోజున మీ బాబాయి పట్టిన పైక్ చేప ఎంత పొడవో నీకు ఇవాల్టికీ గుర్తుంది. పదిహేను రోజుల కిందటిది గుర్తులేదా?"

వాడు పడవ చుట్టూ తిరిగి అటువైపు నిలబడ్డాడు.

"రెండు పెట్టెలు పాడయ్యాయి, మార్చేస్తారు. అయిపోయింది. అసలు ఇన్నేళ్ళలో ఆ పెట్టెలతో ఒక్కసారైనా పని పడిందా?"

"లేదు. జపాన్‌వాళ్ళకీ ముందు రోజు దాకా పడలేదు."

తౌనో గొంతు తగ్గించాడు. "ఒక్క ఏడాది వదినా. గేటు పాస్ లాక్కుంటే మళ్ళీ నన్నెవరు పెట్టుకుంటారు ఈ వయసులో? నీ కోసం చేశాను."

"నాకు తెలుసు. అందుకే ముందు నీ దగ్గరికొచ్చాను. రేపు పొద్దున కాఫీ దగ్గర నువ్వే చెప్పు."

"చెప్పకపోతే?"

"నేను చెప్తాను."

"చెప్పవు," అన్నాడు తౌనో. బెదిరింపు లేదు ఆ మాటలో. "సైమి మొహం గుర్తొచ్చి ఆగిపోతావు."

తిరిగి వస్తుంటే సైమి వాకిట్లోంచి పిలిచి, అప్పుడే పొయ్యిలోంచి తీసిన రై పిండి రొట్టెను గుడ్డలో చుట్టి చేతిలో పెట్టింది. "ముఖం అలా ఉందేంటక్కా? తిన్నావా అసలు?" అంది. హిల్యా తింటానని చెప్పి నడిచింది. రొట్టె వేడి అరచేతులకు తగులుతోంది. అమ్మ పోయినప్పుడు సైమి ఇంకా పాఠాలు అప్పజెప్పే వయసులో ఉంది. దానికి జడలు వేసింది తనే, ఈ ఇంటికి పెళ్ళి చేసి పంపింది తనే. తన నోటితో ఆ ఇంటి జీతం పోవాలా? ఎదురుగా గుమ్మటం కనపడుతోంది, దాని మీద సాయంత్రపు ఎండ. లోపల, ఆ పైన, చీకట్లో, తను చూడని పలకలు. మంచివైతే మంచివే. కాకపోతే అవి అక్కడ ఉన్నట్టు కాదు, ఉన్నాయని అందరూ అనుకుంటున్నట్టు. తాను ఒక్కతే తెలిసి ఊరుకున్నట్టు. తౌనో అన్న మాట నిజమో కాదో ఆమెకే తెలియలేదు.

పొద్దున కాఫీ గది నిండుగా ఉంది. ఓస్మో నిలబడే మాట్లాడాడు.

"లోపల సిలికోన్ వాడారు. ఎవరినీ ఉరి తియ్యడానికి అడగటంలేదు. ఎక్కడెక్కడ తగిలిందో తెలియాలి, అంతే. పరంజా లారీ గంటలో వెళ్ళిపోతుంది. వెళ్ళాక తెలిస్తే పని పదింతలు."

మా వాళ్ళ మౌనం తెలిసినవాళ్ళకే తెలుస్తుంది. ఎవడూ కప్పులోంచి తలెత్తడు. చెంచా కూడా కప్పుకు తగలదు. "దెయ్యం రాసి ఉంటుంది, తలుపు చప్పుడు పడక," అన్నాడు రైమో. ఎవరూ నవ్వలేదు. వాడే తల దించుకున్నాడు. తౌనో గోడ పక్కన, టోపీ మోకాలి మీద పెట్టుకుని కూర్చున్నాడు. హిల్యా అటు చూడలేదు. కాఫీ మెల్లగా తాగింది. కప్పు అడుగు కనపడింది. ఆమె లేచింది, కుర్చీ నేల మీద రాసుకుని కీచుమంది.

"కూర్చో వదినా," అన్నాడు తౌనో.

టోపీ నలిపేస్తున్నాడు. "నేనే. తలుపు పక్కవి రెండూ. పైన, క్రేన్ పట్టాల వైపు మూడు. మిగతావి రాయలేదు, గుడ్డ ఎండిపోయింది."

ఓస్మో వాడి వైపు తిరిగాడు. "ఎందుకు?"

"బిగుసుకుపోయాయి. మనిషి చెయ్యి నొప్పి అంది."

అందరి చూపూ హిల్యా వైపు తిరిగింది.

"అన్నాను," అంది హిల్యా. "నూనె రాయమని అడగలేదు. వద్దనీ చెప్పలేదు. సొరుగు జారినప్పుడు ఎవరు చేశారా అని కనుక్కోనూ లేదు."

లారీని ఆపించారు. విప్పిన పరంజాను మళ్ళీ కట్టారు, కట్టినవాళ్ళు తిట్టాల్సిన తిట్లన్నీ తిట్టారు. తౌనోను ముందు నడిపించుకుని ఓస్మో, హిల్యా పైకెక్కారు. వాడు చూపించిన ఒక్కో సొరుగులోంచీ హిల్యా పలకలు తీసుకొచ్చి గాజు గొట్టంలో పెట్టింది. మూడు పెట్టెల్లో రెండింటి పలకలు చలనం లేకుండా చల్లగా ఉండిపోయాయి. ఓస్మో ఆ ముల్లునే చూస్తూ, "ఇవి వచ్చే ఏటి వంతు కదా," అన్నాడు నెమ్మదిగా. రాయలేదన్న పెట్టెల్ని కూడా వదలకుండా చూశారు. అవి వేడెక్కాయి, తౌనో చెప్పింది అక్షరాలా నిజం. గిడ్డంగిలో ఉన్నవి చాలక కొత్త పలకలు జర్మనీ నుంచి తెప్పించారు. ప్లాంటు చాలా ఆలస్యంగా మొదలైంది.

ఇప్పుడు ఆ ప్లాంటు గేటు దగ్గర లోపలికెళ్ళే ప్రతివాడూ జేబులో గుడ్డ తీసి ఇచ్చి, వాళ్ళిచ్చే కొత్త గుడ్డ తీసుకోవాలి. ఆ నియమం పుట్టింది మా ఊరివాడి జేబులోంచే. మంచికో చెడ్డకో, మా ఊరి పేరు లేకుండా ఆ ప్లాంటులో ఏదీ జరగలేదు.

తౌనో పాస్ మాత్రం మళ్ళీ రాలేదు. కాంట్రాక్టు సంస్థ వాణ్ణి కంచె బయటి పనికి మార్చింది. సముద్రం నీళ్ళు లోపలికి తీసుకునే చోట జల్లెళ్ళకు పట్టిన నాచు లాగి పారేసే పని. జీతం తక్కువ, చలి ఎక్కువ. ఓస్మో వాడి తరఫున మాట్లాడాడని, అందుకే ఆ మాత్రమైనా దక్కిందని తరవాత తెలిసింది. హిల్యాను ఎవరూ ఒక్క మాట అనలేదు, ఒక్క సైమి తప్ప. సైమి కూడా మాటతో అనలేదు. శనివారం సౌనాకు, అదే కాల్చిన రాళ్ళ మీద నీళ్ళు చల్లి ఆవిరి పట్టే స్నానానికి, రావడం మానేసింది. చిన్నప్పటి నుంచీ అక్కాచెల్లెళ్ళిద్దరూ శనివారం సౌనా విడిగా చేసిన గుర్తు లేదు. హిల్యా ఒక్కతే పొయ్యి వెలిగించుకుని, ఒక్కతే కూర్చుని వచ్చేది. రొట్టె రాలేదు. కిటికీలో చెల్లెలి ఇంటి దీపం కనపడేది, అంతే.

పాయ గడ్డకట్టింది. మంచు మీద మనుషులు నడిచే రోజులొచ్చాయి. ఒక శనివారం హిల్యా సౌనాలో పై బల్ల మీద కూర్చుని ఉండగా తలుపు తీసుకుని సైమి వచ్చింది. పలకరించలేదు. తువ్వాలు పరుచుకుని పక్కనే, కాస్త ఎడంగా కూర్చుంది. రాళ్ళు చిటపటలాడుతున్నాయి.

"అక్కా," అంది సైమి. "ఆ రోజు ఆయన నోరు విప్పకపోతే? నువ్వు లేచావంట కదా."

కప్పు కడుక్కోవడానికి లేచానని చెప్పొచ్చు. సైమి నమ్మేది. నమ్మాలని ఉంది కనకే అడుగుతోందని కూడా హిల్యాకు అర్థమైంది. ఆ పొద్దున లేచిన క్షణంలో తన మనసులో ఏముందో అప్పుడు తనకే సరిగ్గా తెలియదు. ఇప్పుడు తెలుసు.

"చెప్పేదాన్ని," అంది.

సైమి గరిటె అందుకుని తొట్టిలో ముంచి, నిండా తీసి రాళ్ళ మీద కుమ్మరించింది. ఆవిరి భగ్గున లేచింది. చెవులు మండిపోయాయి. ఇద్దరూ తలలు వంచేసుకున్నారు. ఎవరూ బల్ల దిగలేదు.

"పైవాటిలో రెండు చల్లగానే ఉండిపోయాయటగా," అంది సైమి, తల ఎత్తకుండానే. "ఆయనే చెప్పాడు."

"అవును."

ఆవిరి కొంచెం తగ్గింది. బయట ఎవరో మంచు మీద నడుస్తున్న చప్పుడు.

"ఇంకొంచెం పొయ్యనా?" అంది సైమి.

"పొయ్యి."